ఎనభై అయిదు అడుగుల నీళ్ళు

మాఘం 19

ఈ పుస్తకం తహమీనా ఇచ్చింది. ఊరూరా తిరిగి నీళ్ళు పరీక్ష చేసే పిల్ల. నన్ను కాకా అని, మా ఆవిడ చారుని కాకీ అని, సొంత బాబాయీ పిన్నీ అయినట్టే పిలుస్తుంది. నేను దింపిన బోరింగులన్నిటి గురించీ రాసివ్వమంది. ఏ ఊళ్ళో, ఎన్ని అడుగులు, ఎక్కడ ఏ ఇసక తగిలింది అని. అరవై మూడు బోరింగులు. నాలుగో తరగతితో బడి మానేసినవాణ్ణి. నా అక్షరాలు ఆ పిల్లకి తెలుస్తాయో లేదో.

వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి. వెనక నుంచి ఇది రాసుకుంటున్నాను. ఇచ్చేటప్పుడు ఈ కాగితాలు చింపుకుంటాను.

చారు అడిగింది. "రోజుకి రెండు మాటలు మాట్లాడని మనిషివి, అంతసేపు ఏం రాస్తున్నావయ్యా?"

"ఇసక" అన్నాను.

"రాసుకో. ఇసక ఎదురు మాట్లాడదు. నీకు హాయి."

మాఘం 21

ఇవాళ మా ఇంటి ముందు బోరింగు గురించి రాశాను. మా బెంగాలీ లెక్కలో 1386వ సంవత్సరం, ఇప్పటికి ఇరవై ఆరేళ్ళు. ఎనభై అయిదు అడుగులు. నలభై దాకా మట్టి, ఆ కింద అంతా నల్ల ఇసక. గొట్టాన్ని ఎత్తి దించే వెదురు బొంగుని నలుగురు తొక్కారు. అందులో నా స్నేహితుడు గదాయ్ ఒకడు. నేను పైన కూర్చుని గొట్టం నోటికి అరచెయ్యి మూత పెట్టాను. గొట్టం లేచినప్పుడు మూయాలి, పడినప్పుడు తియ్యాలి. తీసినప్పుడల్లా నీళ్ళూ ఇసకా మొహాన కొడతాయి. మూడు రోజులు అలా కూర్చున్నాను.

చారు ఏటి రేవులో బిందెతో సహా జారి చెయ్యి విరగ్గొట్టుకున్న ఏడు అది.

అంత తియ్యటి నీళ్ళు ఈ చుట్టుపక్కల లేవు. నేను దింపానని అనడం కాదు. ఊరంతా అంటారు. గదాయ్ టీ కొట్టుకి కూడా ఈ నీళ్ళే.

మాఘం 24

తహమీనా వచ్చింది. మా బోరింగు నీళ్ళు సీసాలో పట్టింది. ఏదో పొడి వేసింది, మూతకి తెల్ల కాగితం ముక్క పెట్టింది. అందరం చుట్టూ నిలబడి చూశాం. విషం కొద్దిగా ఉంటే కాగితం పసుపవుతుందట. పసుపు కాలేదు. ఒక్కసారే చిక్కటి గోధుమ రంగుకి పోయింది.

ఆ పిల్ల ఇంకో సీసా పట్టింది. మళ్ళీ అంతే. మూడోసారీ అంతే. అప్పుడు సంచిలోంచి ఎర్ర రంగు డబ్బా తీసి పంపు మూతికి పూసింది. మంచి నీళ్ళైతే ఆకుపచ్చ, చెడ్డవైతే ఎరుపు.

"కాకా, స్నానానికీ గిన్నెలకీ వాడుకోవచ్చు. తాగొద్దు. వండొద్దు. మీ ఊరి బడి దగ్గర లోతు బోరింగుంది కదా, ఇక అక్కణ్ణించి తెచ్చుకోండి."

తల ఊపాను. పాపం, కష్టపడే పిల్ల. ఎక్కడో పొరపాటు పడింది. నేను ఎన్నో బోరింగుల నీళ్ళు తాగి చూసినవాణ్ణి. ఇనుమున్నా ఉప్పున్నా నాలిక మీద పడగానే చెబుతాను. ఈ నీళ్ళలో ఏమీ లేదు.

మాఘం 25

చారు మా పంపు నీళ్ళే తెచ్చింది. నేనేమీ అనలేదు.

మాఘం 28

గదాయ్ కొట్టు దగ్గర ఇదే గోల. నేను మూల బల్ల మీద కూర్చుని మరమరాలు తింటూ విన్నాను.

ఒకడు ఇది ఫిల్టర్లు అమ్ముకునేవాళ్ళ ఎత్తు అన్నాడు. ఇంకొకడు మరగబెడితే పోతుంది, టీలో మరుగుతూనే ఉంది కదా అన్నాడు. ఒకావిడ తులసాకు వేసుకుంటున్నానంది. ఎవరికి తోచింది వాళ్ళు అన్నారు. అందరివీ గట్టి గొంతులే.

గదాయ్ వచ్చి నా భుజం మీద చెయ్యేశాడు. "ఒరేయ్ ఖగేన్, నువ్వు బెంగ పెట్టుకోకురా. నీ నీళ్ళని ఎవడైనా ఒక మాటంటే ఈ కొట్లో టీ పొయ్యను."

మంచివాడు. చిన్నప్పటి నుంచీ నా తరఫున మాట్లాడేది వాడే.

ఫాల్గునం 2

చారు అరచేతుల్లో గింజల్లాంటివి. శనగ గింజంత. గట్టిగా ఉన్నాయి. ధాన్యం దంచిన చేతులు, తాడు లాగిన చేతులు. మరి ఎలా ఉంటాయి.

పాదాల్లో కూడా ఉన్నాయంది. చెప్పుల్లేకుండా తిరుగుతుంది. చెబితే వినదు.

ఫాల్గునం 5, ఆదివారం

ఇవాళ క్లబ్బులో మీటింగు. క్యారమ్ బల్ల గోడకి చేరేసి చాపలు పరిచారు. మధ్యాహ్నం మూడు గంటలకే గది నిండింది. భూదేబ్ మాస్టారు కుర్చీలో కూర్చున్నారు. మా ఊళ్ళో సగం మందికి అక్షరాలు దిద్దించిన మనిషి.

తహమీనా నిలబడి చెప్పింది. "లీటరుకి పది మైక్రోగ్రాములు దాటకూడదు. ఖగేన్ కాకా బోరింగులో నూట ఎనభై ఉంది. పెద్ద లాబులో కూడా చేయించాను. దీన్ని ఆర్సెనిక్ అంటారు. రంగుండదు, రుచుండదు, వాసనుండదు. మరగబెట్టినా పోదు."

గదాయ్ లేచాడు. "రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. అంటే ఏమీ లేనట్టేగా తల్లీ!"

గదంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

"మా అమ్మ ఈ నీళ్ళు తాగే ఎనభై ఏళ్ళు బతికింది" అన్నాడు మళ్ళీ.

"మీ అమ్మగారు ఎప్పుడు పోయారు కాకా?"

"నాలుగేళ్ళయింది."

"బోరింగుకి ఇరవై ఆరేళ్ళు. అంటే ఆవిడ యాభై ఎనిమిదేళ్ళు ఏటి నీళ్ళు తాగారు."

ఆ మాట ఎవరికీ వినపడలేదు. గదాయ్ ముందు చెప్పినదానికే ఇంకా నవ్వుతున్నారు.

మాస్టారు చెయ్యెత్తి అందర్నీ ఊరుకోబెట్టారు. "చూడమ్మాయ్, నీ అభిప్రాయం నువ్వు చెప్పావు. మాకూ ఒక అభిప్రాయం ఉంది. ప్రజాస్వామ్యంలో అందరి మాటా సమానం. చేతులెత్తించి తేల్చుకుందాం. ఎరుపా, పచ్చా?"

"మాస్టారూ, బడిలో ఏడెనిమిదులెంతో మీరు పిల్లల చేత చేతులెత్తించి తేల్చారా?"

"అది లెక్క."

"ఇదీ లెక్కేనండీ."

"ముందు పెద్దవాళ్ళతో మాట్లాడ్డం నేర్చుకో."

ఆ పిల్ల మొహం కందిపోయింది. కూర్చుంది.

అప్పుడెవరో "ఖగేనన్న చెప్పాలి, బోరింగు ఆయనది" అన్నారు. అందరూ నా వైపు తిరిగారు. అంతమంది నా వైపు చూడ్డం నా పెళ్ళి రోజు తర్వాత ఇదే. లేచాను.

"నీళ్ళు తియ్యగానే ఉంటాయి" అన్నాను. కూర్చున్నాను.

చప్పట్లు కొట్టారు. పచ్చకి చేతులెత్తమన్నారు. నలభై నాలుగు. ఎరుపుకి మూడు. పచ్చకి ఎత్తినవాళ్ళలో చారు కూడా ఉంది, నన్నే చూస్తూ, నవ్వుతూ. పడమటి కిటికీలోంచి ఎండ సూటిగా పడుతోంది. ఎత్తిన చేతులన్నీ బాగా కనిపించాయి.

నేను కిందికి చూశాను.

మీటింగు అవగానే అందరూ కలిసి వచ్చి పంపుకి పచ్చ రంగు వేశారు. బంతిపూల దండ వేశారు. గదాయ్ నా నోట్లో సందేశ్ మిఠాయి కుక్కాడు. నీళ్ళు తియ్యగానే ఉంటాయి. నేను అబద్ధం చెప్పలేదు.

ఫాల్గునం 6

నేను అబద్ధం చెప్పలేదు.

ఫాల్గునం 9

తహమీనా పుస్తకం కోసం వచ్చింది. ఈ వెనక కాగితాలు ఇంకా చింపలేదు. "ముందు పేజీలే చూడమ్మా" అన్నాను. "అలాగే కాకా" అంది. వెనక్కి తిప్పలేదు. వాళ్ళ పెద్దలు బాగా పెంచారు.

మీటింగు సంగతి ఎత్తలేదు. చారు పూరీల్లాంటి లూచీలు వేస్తే తింది. తిన్నాక తన కాగితాలు పరిచింది. ఏ బోరింగు ఎరుపో, ఏది పచ్చో వాటిలో ఉంది.

"మీరు మీది చదవండి కాకా. నేను నాది చదువుతాను."

నేను చదివాను. "హరిణ్‌ఘాటా సాహాలది. డెబ్భై అడుగులు. నల్ల ఇసక."

"ఎరుపు."

"చాపాతలా బడి. రెండు వందల పది. నల్ల ఇసక, దాని కింద బంకమట్టి, దాని కింద పసుపు ఇసక."

"పచ్చ."

"గోపాల్ ఘోష్ ఇల్లు. తొంభై. నల్ల ఇసక."

"ఎరుపు."

ఇలా అప్పటికి పరీక్షలైన ఇరవై ఎనిమిదీ చదివాను. నల్ల ఇసకలో ఆపినవి ఇరవై రెండు. ఇరవై ఎరుపు. బంకమట్టి దాటి పసుపు ఇసకలోకి దింపినవి ఆరు. ఆరూ పచ్చ.

ఆ పిల్ల కాగితాలు మడిచింది. "తియ్యగా ఉన్నాయా అని నేను అడగలేదు కాకా" అంది. కోపంగా అనలేదు. అదే బాధగా ఉంది.

కాసేపయ్యాక అడిగింది. "అప్పటికే చాపాతలాలో రెండు వందల అడుగులు దింపారు కదా. మీ ఇంటి ముందు ఎనభై అయిదులోనే ఎందుకు ఆపారు?"

గొట్టాలు లేవన్నాను. గొట్టాలు అప్పుడున్నాయి. పెరట్లో పేర్చి ఉన్నాయి.

వెళ్ళేటప్పుడు ఆ పిల్ల చారు చేతులు పట్టుకుని చూసింది. "కాకీ, ఇవి ఎన్నాళ్ళ నుంచి?"

"శనగలు మొలిచాయిలే. పండాక నీకూ పెడతాను" అని చారు నవ్వింది.

తహమీనా నవ్వలేదు. ఈ గింజలు ఆ నీళ్ళ వల్లేనని, కృష్ణనగర్ ఆసుపత్రికి తీసుకెళ్ళమని బయట నాకు చెప్పింది.

ఫాల్గునం 10

ఏమీ రాయలేదు.

ఫాల్గునం 11

మీటింగు రోజు ఎత్తిన చేతుల్లో గింజలు నేను చూశాను. చారు చెయ్యి ఒక్కటే కాదు. తొమ్మిది చేతులు. లెక్కపెట్టాకే కిందికి చూశాను.

ఫాల్గునం 13

చారుకి చెప్పాను. పెరట్లో కూర్చుని గుమ్మడిపూలు ఏరుతోంది. పక్కన కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక నేనూ ఏరాను. సగానికి సగం చెడ్డవి ఏరాను.

"ఏమిటి?" అంది.

చెప్పాను. నల్ల ఇసక, పసుపు ఇసక, ఇరవై రెండు, ఆరు. చేతుల్లో గింజలు దంపుడు వల్ల కాదని. నీళ్ళ వల్లనని. ఆ నీళ్ళు నేను దింపినవని.

"ఎందుకాపావు అక్కడ?"

"నీ చెయ్యి కట్టు నాలుగు రోజుల్లో విప్పుతారన్నారు. విప్పగానే మళ్ళీ బిందె ఎత్తుకుని రేవుకి పోతావు. ఇంకా లోతుకి వెళ్ళాలంటే మరో వారం, పది రోజులు. అక్కడ నీళ్ళు పడ్డాయి. తియ్యగా ఉన్నాయి. ఆపేశాను."

చారు ఒళ్ళో పూలన్నీ చాటలోకి దులిపింది.

"ఆ ముక్క అప్పుడే చెబితే ఇంకో పది రోజులు మోసేదాన్నిగా, మొద్దూ" అంది.

అన్నాక నా మోకాలి మీద చెయ్యి పెట్టి లేచింది. లేవడానికి పెట్టింది. లేచాక కూడా తియ్యలేదు.

ఫాల్గునం 14

పొద్దున్నే ఎర్ర రంగు కొనుక్కొచ్చాను. దండ తీసి పక్కన పెట్టాను. పచ్చ మీద ఎరుపు వేస్తే ఒకటే పూత చాలదు, మట్టి రంగు వస్తుంది. రెండో పూత వేస్తుంటే గదాయ్ టీ కొట్టుకి నీళ్ళు పట్టుకుందామని డబ్బాలతో వచ్చాడు.

"ఏంట్రా చేస్తున్నావ్?"

బ్రష్షు ముంచి మళ్ళీ పూశాను.

"నలభై నాలుగు మంది చేతులెత్తి వేసిన రంగురా అది! వాళ్ళందరూ ఎందుకెత్తారనుకున్నావ్? నీ కోసం. నీ పరువు కోసం."

"తెలుసు."

"తెలిసీ చెరిపేస్తావా? అంతమంది మాట కన్నా నీ మాట ఎక్కువా?"

"నా మాట కాదు."

"మరెవడిది?"

బ్రష్షు డబ్బాలో పెట్టాను. "ఇది దింపిన రోజు బొంగు తొక్కావు కదా. ఎనభై అడుగుల దగ్గర ఏ ఇసక వచ్చింది?"

"నల్లది. మోకాళ్ళ దాకా చిమ్మింది. ఎన్ని ఉతుకులు ఉతికినా నా పంచెకి వదల్లేదు."

"ఎర్ర ఇసక వచ్చిందని ఆ రోజు అందరం చేతులెత్తుంటే?"

"పిచ్చా నీకు? వచ్చింది నల్లదైతే ఎరుపని ఎలా అంటాం?"

"అదే."

గదాయ్ నన్ను చూశాడు. పంపుని చూశాడు.

"నీ కుడి అరచెయ్యి చూపించు" అన్నాను.

భుజాన ఉన్న గమ్‌ఛా తువ్వాలులో చుట్టేసుకున్నాడు. "పొయ్యి దగ్గర కాలింది."

"మీటింగులో చూశాను. పాదాల్లో కూడా ఉన్నాయా?"

ఖాళీ డబ్బాలు ఒకదానికొకటి కొట్టుకుంటుంటే వెళ్ళిపోయాడు. యాభై ఏళ్ళలో వాడు నాకు జవాబు చెప్పకపోవడం ఇదే మొదటిసారి. ఎప్పుడూ జవాబు చెప్పనిది నేను.

ఫాల్గునం 17

కృష్ణనగర్ వెళ్ళొచ్చాం. డాక్టరు చారు చేతులూ పాదాలూ దీపం వేసి చూశాడు. గోళ్ళు కత్తిరించి పరీక్షకని పొట్లం కట్టాడు. ఆ నీళ్ళు ఒక్క చుక్క కూడా లోపలికి పోకూడదన్నాడు. ఆరు నెలల తర్వాత మళ్ళీ రమ్మన్నాడు.

వచ్చేటప్పుడు బస్సులో చారు కిటికీ పక్కన కూర్చుని వేరుశనగలు తింది. నాకు ఒలిచి పెట్టింది.

ఫాల్గునం 20

భూదేబ్ మాస్టారు ఎదురయ్యారు. "ఊరి తీర్మానాన్ని కాదన్నావుట" అన్నారు. నాకు ఆయనంటే భయం. ఆయనకన్నా రెండేళ్ళు పెద్దవాణ్ణి, అయినా భయమే.

పుస్తకం తీసుకెళ్ళి ముందు పేజీలు ఇచ్చాను. పక్కన ఎరుపు, పచ్చ తహమీనా రాసి పెట్టింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివారు. రెండుచోట్ల నా అక్షరం దిద్దారు.

చదివి, "ఇది మీటింగులో ఎందుకు చెప్పలేదు?" అన్నారు.

"నాకు చెప్పడం రాదండీ."

"చెప్పడం వచ్చినవాళ్ళం చాలామందిమి చెప్పేశాం" అన్నారు. పుస్తకం రెండు చేతులతో తిరిగి ఇచ్చారు.

ఫాల్గునం 22

గదాయ్ వచ్చాడు. చేతిలో రెండు మట్టి కప్పులు.

"బడి బోరింగు నీళ్ళతో పెట్టాను. తాగి చావు."

తాగాను. బాగాలేదు.

"బాగాలేదు" అన్నాను.

"నాకు తెలీదా! ఇరవై ఏళ్ళ నుంచి వచ్చే ఘోషాల్ బాబు సగం తాగి వదిలేసి వెళ్ళిపోయాడు. నా కొట్టు ముంచావు కదరా."

"ఊ."

"ఊ అంట! నాశనం చేసి ఊ అంట!" నా పక్కన కూర్చున్నాడు. కాసేపయ్యాక గమ్‌ఛా విప్పి అరచెయ్యి నా ఒళ్ళో పెట్టాడు. "ఆ డాక్టరు ఏ వారాల్లో ఉంటాడు?"

"మంగళవారం, శుక్రవారం."

"నువ్వు రా నాతో. నాకు ఆసుపత్రంటే భయం."

ఫాల్గునం 23

పుస్తకం తహమీనాకి ఇచ్చేశాను. ఈ కాగితాలు చింపుకున్నాను. దారంతో కుట్టుకుంటే చిన్న పుస్తకం అయింది.

చైత్రం 3

ఇప్పుడు బడి బోరింగు నుంచి నీళ్ళు నేనే తెస్తున్నాను. చారు చేతులకి పని తగ్గాలని. మా ఊళ్ళో మగవాళ్ళు బిందె మొయ్యరు. మొదటి రోజు వరసలో ఆడవాళ్ళందరూ పమిటలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. "కాకీకి సెలవిచ్చారా కాకా?" "బిందె నడుముకి పెట్టుకోండి కాకా, భుజాన కాదు!" తల దించుకుని నిలబడ్డాను. నాలుగో రోజుకి ముందుకి రమ్మని దారిచ్చారు. నేను వరసలోనే నిలబడ్డాను.

ఇవాళ మాస్టారి కోడలు మాలతి అడిగింది. "కాకా, మా బోరింగూ మీరే దింపారుగా. దానికి పరీక్ష ఇంకా కాలేదు. మంచిదేనంటారా?"

మంచిదేనమ్మా అంటే సంతోషించేది. నాకూ అక్కడితో అయిపోయేది. అందరూ వింటున్నారు.

"మీది డెబ్భై అయిదు అడుగులు. నల్ల ఇసక. మంచిదో చెడ్డదో పరీక్ష చేస్తేగానీ నాకు తెలీదు. ఎవరికీ తెలీదు. అప్పటిదాకా తాగొద్దు. మీ పిల్లవాడికి అసలే పట్టొద్దు."

ఇంకో ఇద్దరు వాళ్ళ బోరింగుల సంగతి అడిగారు. చెప్పాను. తర్వాత ఇంకో నలుగురు. బిందె నిండి పొర్లిపోయింది, చూసుకోలేదు. చివరికి ఎవరో పంపు కొట్టడం ఆపారు.

ఇంటికొచ్చేసరికి గొంతు బొంగురుపోయింది. చారు వాకిట్లో కూర్చుని అరచేతులు ఎండలో పెట్టుకుని చూసుకుంటోంది.

"ఏమయ్యా, ఇవి తగ్గుతాయా? తగ్గకేం అంటున్నాడు గదాయ్. పక్కింటావిడ వేపాకు నూరి రాస్తే వారంలో రాలిపోతాయంది. నువ్వేమంటావ్?"

బిందె దించాను.

"తెలీదు" అన్నాను.

"తెలీదా?"

"నీళ్ళు మార్చాక కొందరికి తగ్గాయన్నాడు డాక్టరు. కొందరికి తగ్గలేదన్నాడు. నీకేమవుతుందో ఆరు నెలలు చూస్తేగానీ తెలీదు. తగ్గాలని నాకుంది. అది వేరు."

చారు నా వైపే చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడుస్తుందనుకున్నాను.

"అబ్బో, ఎన్ని మాటలో!" అంది. పక్కకి జరిగి నాకు చోటిచ్చింది. కూర్చున్నాను. ఆవిడ చెయ్యి నా చేతిలో పెట్టింది. గింజలు గుచ్చుకున్నాయి. తియ్యలేదు.

"ఆరు నెలలూ బిందె నువ్వే మోస్తావా?"

"ఊ."

"అయితే చిన్నది చాలడం లేదు."

రేపు పెద్ద బిందె తీసుకెళ్ళాలి.